రెండో పీట

పోయిన వారం ఆండాలును మాదన్నపేటలోని ఒంటిగది ఇంట్లో, గోడకు వేలాడే చిన్న అద్దం ముందు వదిలేసి వచ్చాం. ఒంటిమీద లక్ష్మీకాంతమ్మ పంపిన ఆకుపచ్చ పట్టుచీర ఉంది. పక్కన కొత్త గౌనులో ఆరేళ్ళ కూతురు స్వీటీ ఉంది. తడిగుడ్డ కప్పిన బుట్టలో రెండు పూలదండలున్నాయి. మూడు ఫంక్షన్ హాళ్ళ యజమాని శ్రీచరణ్‌తో తన పెళ్ళి ఇవాళ ఖాయమవుతుందన్న నమ్మకం ఆమె ముఖం నిండా ఉంది. ఏడాదిన్నరగా ఈ పెళ్ళి జరగనివ్వనని భీష్మించిన అతని తల్లి లక్ష్మీకాంతమ్మే బుధవారం నాడు కారు దిగి, ఆ ఇరుకు గల్లీలోకి నడిచి వచ్చింది. "ఆదివారం మా ఇంటికి రా. నలుగుర్ల పీటల మీద కూసోబెడుత. రెండు దండలు నీ చేత్తోనే కట్టుకరా" అని చెప్పి, స్వీటీ తల నిమిరి వెళ్ళిపోయింది.

నాకు ఆండాలు మీద కోపంగా ఉంది, దాచుకోను. గుడిమల్కాపూర్ మార్కెట్లో బస్తా అడుగున దాచిన వాడిన బంతిపూలను పైనుంచే పసిగట్టే మనిషి. పెళ్ళివాళ్ళ ఇళ్ళకు జడలూ దండలూ కట్టి ఆరేళ్ళుగా ఒంటరిగా పిల్లను సాకుతున్న మనిషి. ఎవరి మాటకు ఎన్ని అర్థాలుంటాయో ఆమెకు తెలియాలి. అయినా శనివారం మధ్యాహ్నమే గది ఖాళీ చేస్తున్నానని ఇంటివాళ్ళకు చెప్పేసింది. ఆ మాట చెప్పేటప్పుడు కొంచెం గర్వంగా కూడా చెప్పింది. స్వీటీకి ఒక ఇల్లు, ఒక తండ్రి దొరుకుతున్నారని గల్లీ అంతా తెలియాలని ఆమె కోరిక. ఆ కోరికను నేను తప్పు పట్టలేను.

గౌలిపురాలో శ్రీచరణ్ వాళ్ళ ఇంటికి వీధి వైపు పాత కమాను, లోపల కొత్త పాలరాయి. ఆటో దిగేసరికి కమాను కింద చెప్పుల కుప్ప కనిపించింది. ఇంతమందిని పిలిచిందా పెద్దామె అనుకుంది ఆండాలు. మాట నిలబెట్టుకుందని సంబరపడింది.

హాల్లో నలభై మంది ఆడవాళ్ళున్నారు. ఒక్కరూ లేచి పలకరించలేదు. చీర అంచు మీద ఒకరి చూపు, చేతుల మీద ఒకరి చూపు. ఏళ్ళ తరబడి దారం లాగి లాగి ఆమె వేళ్ళు మొద్దుబారి ఉంటాయి. వాటిని కొంగులో దాచుకుంది.

"వచ్చినవా. రా బిడ్డా" అంటూ లక్ష్మీకాంతమ్మ ఎదురొచ్చింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నడకలో తడబాటు లేదు. స్వీటీ బుగ్గ గిల్లి, "బంగ్ల మీద పిల్లలందరున్నరు. ఐస్‌క్రీములు పెట్టిన్రు. పో, ఆడుకో" అంది. పిల్ల తల్లి వైపు చూసింది. ఆండాలు తల ఊపగానే మెట్లెక్కి పరుగు తీసింది.

వెనక గదిలో ఇంటాయన ప్రభాకర్ పేపరు చదువుతున్నాడు. ఆ ఇంట్లో ఏ ముఖ్యమైన పని జరిగినా ఆయన పేపరు చదువుతూనే ఉంటాడు. హాలు మూల కుర్చీలో ఆయన చెల్లెలు విమలాదేవి కూర్చుంది. మొగుడు పోయి ముప్పై ఏళ్ళుగా అన్నగారింట్లోనే ఉంటోంది. శుభకార్యం కదా, ముందుకు రావద్దని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు, మూల ఎక్కడుందో ఆమెకు తెలుసు.

హాలు నడుమ ముగ్గు వేసి రెండు పీటలు పక్కపక్కనే వేశారు. ముందు ఇత్తడి పళ్ళెంలో ఎండుకొబ్బరి కుడుకలు, ఎండు ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, వక్కలు, ఒక జాకెట్ ముక్క ఉన్నాయి. ఇంకో పళ్ళెం నిండా పసుపు కలిపిన బియ్యం ఉంది.

ఈ బియ్యం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మన దగ్గర నిశ్చితార్థానికి మగపెళ్ళివాళ్ళు పిల్ల ఒడి నింపితే కొబ్బరికాయ, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు పెడతారు. పసుపు బియ్యం పోసేది మాత్రం తల్లిగారింటివాళ్ళు. పెళ్ళైన బిడ్డను పిలిచి, అల్లుడి పక్కన కూర్చోబెట్టి, దోసిళ్ళతో ఒడిలో బియ్యం పోస్తారు. నువ్వు మా ఇంటి ఆడబిడ్డవు, పచ్చగా ఉండు అని దాని అర్థం. ఒడిబియ్యం అంటే ఏమిటో తెలంగాణలో పుట్టిన ఏ ఆడదానికీ చెప్పనక్కర్లేదు. ఆండాలు తల్లి పోయి తొమ్మిదేళ్ళు. అప్పటినుంచి ఆమెకు ఆ బియ్యం పోసిన చెయ్యి లేదు.

పళ్ళెం చూసి ఆమె అడుగు ఆగింది. వీళ్ళింట్ల పద్ధతి గిట్లనేమో అని తనకు తానే చెప్పుకుంది. లక్ష్మీకాంతమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది, ఆమె కూర్చుంది. ఆశ పుట్టాక కళ్ళు ఉన్నా పనిచేయవు, ఏం చేస్తాం.

బుట్టలోంచి ఒక దండ తీసి ఆమె మెడలో వేశారు. సన్నజాజులు, గులాబీ రేకలు, నడుమ నడుమ మరువం. ఎన్నో వందల దండలు కట్టింది కానీ తన మెడలో పడిన దండ ఈ ఆరేళ్ళలో ఇదే. వీడియో తీసేవాడు దగ్గరికి వచ్చి, "అమ్మా, జర తల ఎత్తున్రి" అన్నాడు. ఆమె తల ఎత్తి, కుడివైపు గది గుమ్మం కేసి చూసింది. శ్రీచరణ్ అటునుంచే వస్తాడు. రెండో పీట మీద కూర్చుంటాడు. అతను తెల్ల లాల్చీ వేసుకుంటాడా, గోధుమరంగుదా అని కూడా ఆలోచించింది పిచ్చిది.

లక్ష్మీకాంతమ్మ ఎదుట కూర్చుని ఆండాలు కొంగు పరిచి పట్టమంది. దోసిలి నిండా బియ్యం తీసి ఒడిలో పోసింది. ఒకటి. రెండు. మూడు. మూడో దోసిలి తర్వాత చెయ్యి ఆపి, గొంతు పెంచింది.

"అందరు ఇనున్రి. నాకు ఒక్కడే కొడుకు. బిడ్డ లేదని నలబై ఏండ్ల సంది నా మనసుల పోతనే ఉన్నది. ఇయ్యాల ఆ లోటు తీరింది. ఈ ఆండాలు నా బిడ్డ. ఇయ్యాల్టి సంది మా చరణ్‌కు చెల్లె."

ఎవరో ఒకామె, "ఎంత పెద్ద మనసు అక్కా నీది" అంది. ఇంకొకామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అందరికీ ముందే తెలుసు. ఆండాలు ఒక్కదానికే చెప్పలేదు.

ఒడిలో బియ్యం బరువుగా ఉంది. ఏమన్నారో ఆండాలుకు వెంటనే ఎక్కలేదు. చరణ్‌కు చెల్లె అన్న మాట దగ్గర ఆగిపోయి, మళ్ళీ మొదటినుంచి విన్నట్టు నెమరేసుకుంది. అర్థమయ్యాక ఒళ్ళంతా మంట పుట్టింది. చెల్లెలిని ఎవడు పెళ్ళి చేసుకుంటాడు. నలభై మంది సాక్ష్యం, వీడియో సాక్ష్యం. ఈ ఇంటి గడప మీద కోడలిగా కాలు పెట్టే దారి మూడు దోసిళ్ళ బియ్యంతో మూసేసింది ఈ ముసల్ది.

"అల్లున్ని పిలువున్రి" అంది లక్ష్మీకాంతమ్మ.

కుడివైపు గదిలోంచి వచ్చిన మనిషిని ఆండాలు మొదట గుర్తుపట్టలేదు. పొట్ట వచ్చింది, జుట్టు పల్చబడింది. పీట దగ్గరికి వచ్చి, ప్యాంటు పైకి లాక్కుని, రెండో పీట మీద కూర్చున్నాడు. అప్పుడు ఎడమ చెవి పక్క కోసుకుపోయిన మచ్చ కనిపించింది. మహేందర్. స్వీటీ ఐదు నెలల కడుపుగా ఉన్నప్పుడు షోలాపూర్‌లో పని ఉందని చెప్పి పోయి, మళ్ళీ రాని మొగుడు. విడాకుల కేసుకు మూడుసార్లు కోర్టు పిలిచినా రాలేదు. రెండేళ్ళ కింద కోర్టు విడాకులు ఇచ్చినప్పుడు కూడా రాలేదు. ఇవాళ వచ్చాడు.

బుట్టలోని రెండో దండ అతని మెడలో పడింది. ఆండాలు శనివారమంతా కూర్చుని, శ్రీచరణ్ భుజాల కొలత మనసులో పెట్టుకుని కట్టిన దండ. మహేందర్‌కు అది పొడుగైంది.

"మంచిగున్నవా ఆండాలూ" అన్నాడు మెల్లగా.

ఒడిలో బియ్యం ఒలకకుండా ఆమె పక్కకు జరిగింది.

"పాతయన్ని ఇడిసిపెట్టు. ఈ అమ్మ నాకు హాల్ల పని చూస్తనన్నది. మంచిగ ఉందాం ఇగ." తర్వాత కొంచెం గట్టిగానే, "బిడ్డ పుట్టిందంట గద. పేరేంది?" అన్నాడు.

ఆరేళ్ళ పిల్ల పేరు తండ్రి అడుగుతున్నాడు. ఇంతకంటే నేనేం రాయను.

ఆండాలు మళ్ళీ గుమ్మం వైపే చూసింది. ఇప్పుడైనా వస్తాడు. వచ్చి ఇదేం తమాషా అని తల్లిని అడుగుతాడు. ఏడాదిన్నర ప్రేమ ఊరికే పోతుందా. వాళ్ళ ఫంక్షన్ హాలు వెనక గోనె సంచి మీద కూర్చుని, నాకూ పూలు కట్టుడు నేర్పు అని పట్టుబట్టి, దారం కోసుకుని బొటనవేలు నోట్లో పెట్టుకున్న మనిషి. హాల్లో పనివాళ్ళంతా అన్నా అన్నా అంటుంటే, నువ్వు మాత్రం నన్ను అన్నా అనకు అని సిగ్గుపడుతూ చెప్పిన మనిషి.

శ్రీచరణ్ వచ్చాడు. చేతుల్లో పళ్ళెం ఉంది. పళ్ళెంలో ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ, పైన తువ్వాల. ఒడిబియ్యానికి అల్లుడికి బామ్మర్ది పెట్టే బట్టలు. ముప్పై ఆరేళ్ళ మనిషి, తల వంచుకుని బడిపిల్లాడిలా పళ్ళెం మోసుకొచ్చి మహేందర్ ముందు పెట్టాడు.

"తీస్కో బావా" అన్నాడు.

లక్ష్మీకాంతమ్మ కొడుకు వైపు చూడనైనా లేదు. అతను ఆ మాట అంటాడని ఆమెకు అంత నమ్మకం.

శ్రీచరణ్ వంగి పళ్ళెం సర్దుతున్నట్టు నటిస్తూ ఆండాలుకు మాత్రమే వినపడేలా గొణిగాడు. "నా మీద కోపం చెయ్యకు. అమ్మ నెల రోజుల సంది అన్నం ముడుతలేదు. నేను ఒక్కటే కండిషన్ పెట్టిన. నీకు, స్వీటీకి ఏ తక్లీఫ్ రావద్దని. ఇప్పుడు చెల్లెవైతే నేను బాజాప్తా నీ ఇంటికి రావచ్చు, పోవచ్చు. స్వీటీని పెద్ద స్కూల్ల ఎయ్యొచ్చు. ఎవ్వరు ఏమనరు. సోంచాయించి చూడు, గిది కూడ మంచిదే."

మంచిదేనట. అతను నిజంగానే అలా అనుకుంటున్నాడు, అదీ ఘోరం. తల్లి చేసిన ద్రోహంలో తెలివి ఉంది, కొడుకు చేసిన ద్రోహంలో అదీ లేదు. బేరం బాగా కుదిరిందన్న తృప్తి ఆ ముఖంలో చూసిన క్షణంలోనే ఆండాలుకు అతని మీద ప్రేమ పోయిందంటే బాగుండేది. పోలేదు. ప్రేమ ఉంది, దాని పక్కనే అసహ్యం వచ్చి కూర్చుంది.

లేచి వెళ్ళిపోదామనుకుంది. కొంగు దులిపేసి, దండ తెంపి ఆ ముసల్దాని మొహాన కొట్టి. లక్ష్మీకాంతమ్మ ఎదురుచూస్తున్నది కూడా దాని కోసమే. ఆమె కళ్ళలో ఆ ఆత్రం కనిపించింది. పిలిచి ఒడిబియ్యం పోస్తే తన్నేసి పోయింది, ఎంత పొగరు అని నలభై ఇళ్ళలో చెప్పుకుంటారు. పోతే ఎక్కడికి పోవాలి. మాదన్నపేట గదికి వేరేవాళ్ళు సోమవారం దిగుతున్నారు. బంగ్ల మీద స్వీటీ నవ్వు వినపడుతోంది. ఈ ఇల్లు మనదే అవుతుందని పొద్దున ఆ పిల్లకు జడ వేస్తూ చెప్పింది.

ఏడుపు వచ్చింది. దాన్ని మింగి, కొంగు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"అమ్మా" అంది. "మూడే పోసినవు. ఐదు దోసిళ్ళు పొయ్యాలె గద. ఇంక రెండు ఉన్నయి."

లక్ష్మీకాంతమ్మ చెయ్యి పళ్ళెం మీదే ఆగింది. తర్వాత ఆమె ముఖం విప్పారింది. లొంగింది అనుకుంది. నాలుగో దోసిలి పోసింది. ఐదోది పోస్తూ, "నా తల్లే. నువ్వు తెలివిగల్లదానివని నాకెరుకే" అంది.

"మరి నేను నీ బిడ్డనేనా అమ్మా? అందరి ముంగట ఇంకోసారి అను."

"నా బిడ్డవే. ఒడిబియ్యం పోసిన."

ఆండాలు మూల కుర్చీ వైపు తిరిగింది. "మేనత్తా, మీరు చెప్పున్రి. మొగడు సక్కగ లేని బిడ్డ యాడుంటది?"

ఆ హాల్లో విమలాదేవిని ఎవరైనా ఒక ప్రశ్న అడిగి ఎన్నేళ్ళయిందో. ఆమె కళ్ళజోడు సర్దుకుంది. "యాడుంటది? తల్లిగారింట్ల ఉంటది" అంది. "నేను ఉంటలేనా?"

"విమలా, నువ్వు ఊకో" అంది లక్ష్మీకాంతమ్మ.

"అమ్మా, జర నన్ను చెప్పనియ్యి" అంది ఆండాలు. "ఈ పక్క పీట మీద కూసున్న మనిషి నన్ను కడుపుతోని ఇడిసిపెట్టి పోయిండు. బిడ్డ పేరు సుత ఇప్పుడే అడిగిండు, మీరందరు ఇన్నరు. కోర్టు మాకు విడాకులు ఇచ్చి రెండేండ్లాయె. ఇది మా అమ్మకు తెలుసు. తెలిసే నన్ను బిడ్డను చేసుకున్నది. గింత పెద్ద మనసు ఎవ్వరికుంటది చెప్పున్రి. ఆ మాదన్నపేట గది నేను ఖాళీ చేసిన. సాయంత్రం నా సామాన్లు ఆటోల ఇంటికి వస్తయి. ఇది నా తల్లిగారిల్లు. నాకు ఏ గది ఇస్తున్నవమ్మా?"

వెనక వరసలో ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. పక్కనున్నామె మోచేత్తో పొడిచింది.

"గదేంది?" అంది లక్ష్మీకాంతమ్మ. "ఏం మాట్లాడుతున్నవు నువ్వు?"

"బిడ్డ తల్లిని గది అడగదా? వీడియో తీసే అన్నా, అటు పోకు. గిది మంచిగ తియ్యి."

వీడియో అబ్బాయి ఎటు తిప్పాలో తెలియక లక్ష్మీకాంతమ్మ ముఖం మీదే నిలిపాడు. మహేందర్ దండ సర్దుకుంటూ దిక్కులు చూశాడు. శ్రీచరణ్ నోరు తెరుచుకుని ఆండాలును చూస్తున్నాడు. ఏడాదిన్నరలో అతను చూసిన ఆండాలు వేరు.

విమలాదేవి కుర్చీలోంచి లేచింది. శుభకార్యం నడుమకు నడిచి వచ్చి నిలబడింది. ముప్పై ఏళ్ళలో ఆమె అలా రావడం అదే మొదలు.

"నా గది పక్కన గాలి వచ్చే గది ఖాళీగనే ఉన్నది గద వదినె. నేను పిల్లగాన్ని పోగొట్టుకోని, మొగన్ని పోగొట్టుకోని ఈ ఇంటికి వచ్చిన నాడు ఆ గది అడిగితే నాకియ్యకపోతివి. బిడ్డ పుడితే బిడ్డకు కావాలె అంటివి. ఇప్పుడు బిడ్డ వచ్చింది. ఇయ్యి."

వెనక గదిలో పేపరు మడిచిన చప్పుడైంది. ప్రభాకర్ మాత్రం బయటికి రాలేదు.

లక్ష్మీకాంతమ్మ ఊరికే పెద్దింటి పెత్తనం చేయడం లేదు, ఆమెకు ఓడిపోవడం రాదు. నాలుగు క్షణాలు పట్టింది అంతే. మళ్ళీ నవ్వింది.

"ఉండు బిడ్డా. నేనెందుకు వద్దంట. ఎన్నొద్దులైన ఉండు. చరణ్‌కు వాగ్దేవిని ఖాయం చేసిన, వచ్చే నెలనే పెండ్లి. ఇంట్ల ఆడబిడ్డవు, పనులన్నీ నీవే. పెండ్లిపిల్లకు పూలజడ నువ్వు కట్టు, పెండ్లికొడుక్కు దండ నువ్వు కట్టు. ఆళ్ళ గది నువ్వే సింగారియ్యాలె. చేస్తవు గద?"

వాగ్దేవి పేరు ఆండాలు వినడం అదే మొదటిసారి. వచ్చే నెల. అంటే సంబంధం ఎప్పుడో కుదిరింది. తనతో కూర్చుని టిఫిన్ డబ్బాలో పచ్చిపులుసు అన్నం తిన్న రోజుల్లోనే కుదిరింది. శ్రీచరణ్ వైపు చూస్తే అతను కళ్ళు దించుకున్నాడు.

"చేస్త" అంది ఆండాలు. "నా అన్న పెండ్లి నేను చెయ్యకపోతే ఎవరు చేస్తరు."

శ్రీచరణ్‌కు ఆ మాట తగిలింది. తగలాలనే అంది. ఇలాంటి మాటలు అనగలనని ఆమెకు కూడా తెలియదు. ఒకటి అన్నాక ఇంకోటి అనాలనిపించింది. అక్కడ ఆగి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది.

సరిగ్గా అప్పుడే పిల్లలంతా మెట్ల మీంచి దడదడా దిగారు. స్వీటీ గౌను ముందంతా ఐస్‌క్రీమ్ మరకలు. జనాన్ని చూసి ఒక క్షణం తడబడి, తెలిసిన ముఖం కనపడగానే పరుగున పోయి శ్రీచరణ్ కాళ్ళకు చుట్టుకుంది.

"డాడీ, నాకు రెండు ఇచ్చిన్రు" అంది.

నలభై మంది విన్నారు. నాలుగు నెలలుగా ఎవరూ లేనప్పుడు పిలుచుకునే పిలుపు అది. పిలవమని నేర్పింది శ్రీచరణే. అతని చెయ్యి అలవాటుగా పిల్ల తల మీదికి వెళ్ళింది.

"స్వీటీ" అంది ఆండాలు పీట మీంచే. "డాడీ అనొద్దు బిడ్డా. ఆయన నీకు మామ. అమ్మకు అన్న అయితడు."

పిల్ల నవ్వింది. అమ్మ ఆట పట్టిస్తోందనుకుంది. ఆండాలు ముఖంలో నవ్వు లేదు. పిల్ల తలెత్తి శ్రీచరణ్‌ను అడిగింది. "అవునా? నువ్వు మామవా?"

నిజం చెప్తాను, ఆండాలు ఆ ప్రశ్న కోసమే ఇదంతా చేసింది. గది కోసం కాదు. తన ముందు అబద్ధం చెప్పగలిగాడు, ఆ పిల్ల కళ్ళలోకి చూసి చెప్పలేడని ఎక్కడో ఆశ మిగిలి ఉంది. ఇప్పుడు బయటపడతాడు, ఇప్పుడు తల్లికి ఎదురు తిరుగుతాడని ఎదురుచూసింది.

శ్రీచరణ్ తల్లి వైపు చూశాడు. తర్వాత పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గౌను మీది మరక తువ్వాలతో తుడిచాడు.

"అవును బేటా" అన్నాడు. "మామనే."

స్వీటీ మెల్లగా చేతులు తీసేసింది. ఏడవలేదు. "మరి డాడీ ఎవరు?" అని తల్లిని అడిగింది.

బాణం వేసేటప్పుడు అటువైపు పిల్ల నిలబడి ఉందన్న సంగతి ఆండాలు చూసుకోలేదు. జవాబు లక్ష్మీకాంతమ్మ చెప్పింది. ఎంత మెత్తగా చెప్పిందని.

"అగో, ఆ పీట మీద దండ ఏసుకోని కూసున్నడు చూడు. ఆయనే మీ నాయిన. మంచిగ చూడు."

మహేందర్ పళ్ళన్నీ కనపడేలా నవ్వి చెయ్యి చాచాడు. స్వీటీ అక్కడే నిలబడి ఆ మనిషిని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఐదు పిడికిళ్ళు దేవుని అర్రల పొయ్యాలె బిడ్డా" అని విమలాదేవి ఆండాలు చెవిలో చెప్పింది. "ఆడబిడ్డ తల్లిగారింట్ల ఇడిసిపెట్టే బియ్యం. అది అయితెనే పూర్తయినట్టు. లేకుంటే మా వదినె రేపు మాట మారుస్తది. లెవ్వు."

ఆండాలు కొంగు నడుముకు చెక్కుకుని లేచింది. దేవుడి గది హాలును ఆనుకునే ఉంది, పది అడుగులు లేదు. స్వీటీని చూసుకోవడానికి ఇంతమంది ఉన్నారు కదా అనుకుంది. కోపం దిగకముందే పని పూర్తి చేయాలనుకుంది. దీపం ముందు కూర్చుని ఒక్కో పిడికిలీ పోస్తుంటే అప్పటిదాకా ఆపుకున్నదంతా వచ్చింది. బియ్యం మీద కన్నీళ్ళు పడుతుంటే తుడుచుకుంటూ పోసింది. ఐదో పిడికిలి పోసి, కాసేపు గోడకు తల ఆనించి కూర్చుంది. మొహం కడుక్కున్నట్టు తుడుచుకుని బయటికి వచ్చింది.

రెండో పీట ఖాళీగా ఉంది.

ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా మాట్లాడుకుంటున్నారు. ఆమెను చూసి ఒక్కో గుంపూ మాట ఆపింది.

"స్వీటీ ఏది?"

లక్ష్మీకాంతమ్మ కుడుకలు పళ్ళెంలో సర్దుతోంది, తల ఎత్తలేదు. విమలాదేవి ఒక్కతే దగ్గరికి వచ్చింది. ఆ ముసలి ముఖంలో భయం కనిపించింది.

"ఆయన ఎంబడి పోయింది బిడ్డా. గుంజుకపోతే నేను అడ్డంపడుదును. ఎవ్వరు గుంజుకపోలే. అదే దగ్గరికి పోయి, 'ఈయన మామంట, మా అమ్మ చెప్పింది, నువ్వేనా డాడీ' అని అడిగింది. అదే చెయ్యి పట్టుకున్నది."

ఆండాలు పరుగెత్తింది. నడుముకు చెక్కుకున్న కొంగు జారి, మిగిలిన బియ్యమంతా పాలరాయి మీద పారింది. ఒడిబియ్యం నేల పాలైతే ఆడబిడ్డకు మంచిది కాదని వెనక నుంచి ఎవరో అరిచారు. వాటి మీదే కాళ్ళు వేస్తూ, జారుతూ, కమాను దగ్గరికి చేరింది.

శ్రీచరణ్ అక్కడ ఒంటరిగా నిలబడి గల్లీ వైపు చూస్తున్నాడు. పొద్దున కమాను పక్కన నిలిపి ఉన్న వాళ్ళ తెల్ల కారు లేదు.

"నా బిడ్డ ఏది?"

"ఫికర్ చెయ్యకు. చార్మినార్ చూపిస్తనని తీస్కపోయిండు. జర సేపట్ల వస్తరు."

"కారుల ఎవరున్నరు? డ్రైవర్ ఉన్నడా?"

"డ్రైవర్ లేడు, ఇయ్యాల సండే గద." అతను ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. "తాళం బావ అడిగిండు. నేనే ఇచ్చిన."

ఆండాలు అతని చొక్కా పట్టుకుంది. ఏడాదిన్నరలో ఆమె అతన్ని నలుగురిలో తాకడం అదే మొదలు. "ఫోన్ చెయ్యి. ఇప్పుడే చెయ్యి."

"చేస్తున్న. అమ్మ ఇచ్చిన నంబర్ ఉన్నది నా దగ్గర." అతను ఫోన్ తీసి నొక్కి, చెవికి పెట్టుకున్నాడు.

వాళ్ళ వెనక, హాల్లో, మహేందర్‌కు పెట్టిన బట్టల పళ్ళెంలోంచి ఫోన్ మోగడం మొదలైంది.